బదరికి సైకిలుయాత్ర: సంకల్పమునందలి 'యథాశక్తి'

 

మా మేనల్లుడు ఈ పరాభవ నామ సంవత్సర మహాళయ పక్షమున హృషీకేశము నుండి బదరీక్షేత్రమునకు సైకిలుపై వెళ్ళ నిశ్చయించుకొనియున్నాడు. దూరము సుమారు 295 కిలోమీటర్లు. బయలుదేరు చోటు సముద్రమట్టమునకు సుమారు 350 మీటర్ల యెత్తున నున్నది. చేరవలసిన చోటు 3,100 మీటర్లకు పైన నున్నది. అచ్చటి బ్రహ్మకపాలమున తండ్రికి పిండప్రదానము చేయవలెనని వాని కోరిక. మా చెల్లెలు భయపడినది. "అన్నయ్యా, నువ్వు అంతా చూసి సరే అంటేనే పంపుతాను. నీకు సందేహముంటే వద్దని నువ్వే వాడికి చెప్పు" అని నిర్ణయభారమును నాపై నుంచినది. భర్త గతించి మూడేండ్లు, ఒక్కగానొక్క కొడుకు. అందుచే ఈ యాత్రకు ప్రణాళిక వ్రాయు పని నా వంతైనది. ఆ పనిలో నాకు బోధపడిన విషయము నిత్యము సంకల్పము చెప్పుకొను వారందరికిని పనికివచ్చునని తోచి, ఈ శ్రావణమున ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

సైకిలే యేల యని కొందరు బంధువు లడిగిరి. మా బావగారు మానుకోటలో పౌరోహిత్యము చేసిరి. మహబూబాబాదును మా ప్రాంతమువారు నేటికిని మానుకోట యనియే అందురు. చుట్టుప్రక్కల పల్లెలలో వివాహమైనను, ఆబ్దికమైనను, దర్భకట్టయు మడిబట్టల సంచియు సైకిలునకు కట్టుకొని, తెల్లవారకముందే బయలుదేరెడివారు. కురవి వీరభద్రస్వామి దర్శనమునకు సైతము ఆ సైకిలుపైననే. ముందు కమ్మీపై కుమారుని కూర్చుండబెట్టుకొని మంత్రములు సంత చెప్పించెడివారు. ఆ కుమారుడు నేడు ఇరువదియారేండ్లవాడై నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. "మామయ్యా, నాన్న నన్ను మోసింది సైకిలు మీదే. ఆయన కోసం వెళ్ళేటప్పుడు బస్సులో కూర్చుని నిద్రపోతూ వెళ్ళాలని లేదు" అనెను. దీనికి ప్రత్యుత్తరము నా యొద్ద లేదు. ఉండవలసిన యవసరమును లేదు.

కాని శాస్త్రదృష్టితో ఒక ప్రశ్న కలదు. తీర్థయాత్ర వాహనముపై చేయవచ్చునా? మత్స్యపురాణమునందలి ప్రయాగ మాహాత్మ్యము, ఐశ్వర్యముచేతనో లోభముచేతనో మోహముచేతనో వాహనముపై తీర్థమునకు పోవువానికి ఫలము లేదని చెప్పుచున్నది. వాహనము ఫలమున సగమును హరించునని చెప్పు వచనములను కూడ నిబంధకారులు ఉదాహరించిరి. ఇచ్చట నిషేధమునకు హేతువు గమనింపదగినది. ఎద్దో, గుఱ్ఱమో, బోయీలో మోయుచుండ తాను సుఖముగ కూర్చుండుట, తన శ్రమను ఇతరులకు బదలాయించుట, అది దోషము. సైకిలునందు మోయువాడును మోయబడువాడును ఒక్కడే. చక్రము నడకను విస్తరించునే గాని శ్రమను తొలగింపదు. ఏటవాలు దారిలో త్రొక్కుట మానిన క్షణమున అది నిలిచిపోవును. కావున దీనిని పాదచారమునకు అతి సన్నిహితమైనదిగ నేను గ్రహించితిని. ఇది నా వ్యక్తిగతాభిప్రాయము. పెద్దలు వేరుగ చెప్పినచో శిరసావహింతును.

ఇక ప్రణాళిక. ఏ కర్మకైనను మొదట సంకల్పము చెప్పుదుము కదా. అందు దేశము, కాలము, కర్త, ద్రవ్యము వరుసగ వచ్చును. చివర 'యథాశక్తి' యను మాట యుండును. నలుబదియేండ్లుగ నేను నోట పలుకుచున్న ఆ క్రమమే పర్వతమార్గ ప్రయాణమునకు చక్కని ప్రశ్నావళియని కాగితము ముందు పెట్టుకొన్నప్పుడు తెలిసినది. ఆ క్రమముననే వ్రాసితిని.

మొదటిది దేశము. హృషీకేశము నుండి బదరి వరకు దారి యంతయు 7వ సంఖ్య జాతీయ రహదారి. మొదట గంగను, పిదప అలకనందను అనుసరించి పోవును. దారిలో పంచప్రయాగలు క్రమముగ తగులును. భాగీరథి కలియు దేవప్రయాగ, మందాకిని కలియు రుద్రప్రయాగ, పిండరు నది కలియు కర్ణప్రయాగ, నందాకిని కలియు నందప్రయాగ, ధౌలీగంగ కలియు విష్ణుప్రయాగ. పటమున చూచిన ఎత్తు నెమ్మదిగ పెరుగుచున్నట్లు తోచును. వాస్తవమున దారి ఎక్కుచు దిగుచు పోవును; ఎక్కినది దిగి మరల ఎక్కవలసియుండును. జ్యోతిర్మఠము సుమారు 1,900 మీటర్ల యెత్తున నున్నది. అచ్చట నుండి విష్ణుప్రయాగకు చాల దిగి, మరల బదరికి ఎక్కవలెను. ఆ కడపటి 45 కిలోమీటర్లే ఈ యాత్రకు ఆయువుపట్టు. అంతకుముందరి 250 కిలోమీటర్లు దానికి పీఠిక మాత్రమే.

రెండవది కాలము. వైశాఖ జ్యేష్ఠములలో యాత్రికుల వాహనములతో ఆ ఇరుకు దారి నిండియుండును. ఆషాఢ శ్రావణములలో వర్షములకు కొండచరియలు విరిగిపడును. 2013 జూన్ నాటి ఉత్తరాఖండ విపత్తును మనము మరువలేదు. వర్షములు తగ్గి, చలి ముదురకముందు లభించు కొద్ది వారములే సైకిలునకు తగినవి. ఈ సంవత్సరము అధిక జ్యేష్ఠము వచ్చినందున మహాళయ పక్షము సెప్టెంబరు 27 నుండి అక్టోబరు 10 వరకు నడచుచున్నది. గడచిన విశ్వావసు సంవత్సరమున అమావాస్య సెప్టెంబరు 21 నాటికే వచ్చెను. అప్పటికి వానలు పూర్తిగ వెనుదిరుగవు. అధికమాసమును కొందరు శుభకార్యములకు అడ్డముగ మాత్రమే తలతురు. మా వానికి మాత్రము అది ఇరువది దినముల నిర్మలాకాశమును ఇచ్చుచున్నది. ఐనను ఒక చిక్కు కలదు. బావగారి తిథి అమావాస్య. అనగా అక్టోబరు 10 మారని దినము. మారని దినము మనస్సును తొందరపెట్టును; కొండదారిలో తొందరను మించిన శత్రువు లేదు. ఈ చిక్కును ఎట్లు విప్పితినో తరువాత చెప్పెదను.

మూడవది కర్త. గోత్రనామములు చెప్పినంత మాత్రమున కర్త సిద్ధుడు కాడు. వానికి అర్హత యుండవలెను. మా జనగామ ప్రాంతమున గుట్టలున్నవి గాని పర్వతములు లేవు. మరి అభ్యాసమెట్లు? వేదాధ్యయనము చేసినవారికి ఇందు కొత్త యేమియు లేదు. గురువుగారు ఒక పనసను ఒకసారి విని రమ్మనలేదు, ఆవృత్తి చేయించిరి. ఎంతటి మేధావికైనను ఆవృత్తి లేక ఘనాంతము రాదు. అట్లే చిన్న గుట్టను పెక్కుమార్లు ఎక్కిన పర్వతమగును. పాల్కురికి సోమనాథుని జన్మభూమియైన పాలకుర్తిలో సోమేశ్వరుడును లక్ష్మీనృసింహుడును వెలసిన గుట్ట కలదు. మా వాడు సెలవుదినములలో వచ్చి, ఉదయముననే ఆ గుట్టదారిని మొదట రెండుమార్లు, తరువాత అయిదుమార్లు, ఇప్పుడు పదిమార్లు ఎక్కి దిగుచున్నాడు. మొదటినెలలో బరువు లేకుండ, తరువాత సంచులు కట్టి. ప్రతి మూడు వారములకు ఒక వారము తగ్గించి, దేహమునకు విశ్రాంతి నిచ్చెను. అనధ్యయన దినములు అధ్యయనములో భాగమే కదా.

శ్రమను వరుసగ పెక్కు దినములు దేహమెట్లు సహించునో తెలిసికొనుటకు, గత మాఘ బహుళమున, మేడారము జాతర రద్దీ తగ్గిన పిమ్మట, పాలకుర్తి నుండి కాళేశ్వరమునకు నాలుగు దినముల ప్రయాణమొకటి నిర్ణయించితిమి. మొదటి దినము తొర్రూరు మీదుగ మానుకోట, కురవి. ఆ దినము నా పాత సైకిలుపై నేనును వెంట నుంటిని. మరునాడు గూడూరు మీదుగ నర్సంపేట. మూడవ దినము ములుగు, గణపురము కోటగుళ్ళు, భూపాలపల్లి. నాల్గవ దినము అడవి మధ్యనుండి కాళేశ్వరము. నేను బస్సులో ముందే చేరి వేచియుంటిని. గోదావరీ ప్రాణహితలు కలియు ఆ చోట, ఒకే పానవట్టముపై కాళేశ్వర ముక్తేశ్వర లింగములు రెండు వెలసియున్నవి. యమునకును శివునకును ఒకే పీఠము. పితృకార్యము సంకల్పించినవానికి అంతకన్న తగిన పరీక్షాస్థలమేది?

ఆ ప్రయాణము మాకు మూడు సంగతులు నేర్పినది. మొదటిది, మూడవ దినమే దేహము మొండికేయును. మొదటి రెండు దినముల ఉత్సాహమును నమ్మరాదు. రెండవది, భూపాలపల్లి దాటిన పిదప బొగ్గులారీలు, ఇసుకలారీలు ప్రక్కనుండి పోవునప్పుడు గాలి సైకిలును లోనికి లాగును. కావున వెనుకనుండి వచ్చు వాహనమును చూపు చిన్న అద్దము, దూరమునకు కనబడు రంగు అంగీ తప్పనిసరి. మూడవది, మూడవనాడు మా వాడు కోటగుళ్ళ యొద్ద ఎక్కువసేపు నిలిచి, చీకటిపడిన తరువాత బస చేరెను. అలసటయు చీకటియు కలిసినప్పుడు దారిలోని గుంత కనబడదు. ఆనాటినుండి మధ్యాహ్నము మూడు గంటలకు చక్రము ఆగవలెనని నియమము చేసితిమి. హిమాలయమున మధ్యాహ్నానంతరము వాతావరణము మారుట సహజము గనుక ఈ నియమము అచ్చట మరింత ముఖ్యము.

నాల్గవది ద్రవ్యము. నా సైకిలునకు ముందు చక్రపుబిళ్ళకు 44 పళ్ళు, వెనుక 18. ఒక త్రొక్కుడుకు అది సుమారు 5.4 మీటర్లు పోవును. చదునైన నేలపై అది హాయి. కొండపై మోకాళ్ళకు శిక్ష. మా వాడు కొన్న సైకిలునందు మిక్కిలి తేలిక గేరు ముందు 30, వెనుక 34. ఒక త్రొక్కుడుకు రెండు మీటర్ల లోపే పోవును గాని, కాలిపై పడు బరువు నా సైకిలుతో పోల్చిన మూడవ వంతు. నిమిషమునకు అరువది త్రొక్కుళ్ళైన గంటకు ఆరేడు కిలోమీటర్లు. నడకకన్న కొంచెము వేగము, అంతే. దానితోనే తృప్తిపడవలెను. రెండు అదనపు ట్యూబులు, పంపు, గొలుసు అతుకు, రెండు జతల బ్రేకుముక్కలు, వానకోటు, ఉన్నిబట్టలు, ముందువెనుక దీపములు, శిరస్త్రాణము. శ్రాద్ధమునకు మడిపంచె, పవిత్రములకు దర్భలు, నువ్వులు విడిగ ఒక సంచిలో. ఉత్తరాఖండ ప్రభుత్వము విధించిన యాత్రానమోదు పత్రము ఫోనులోను కాగితముపైనను. మొత్తము పన్నెండు కిలోలు మించరాదని వ్రాసితిని. దిగునప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పును, దిగుదారిలోనే ప్రమాదములు హెచ్చు. అందుచే తిరుగు ప్రయాణము సైకిలుపై కాదు, బస్సులోనని నిర్ణయించితిమి. ఈ మాట విన్నప్పుడు మా చెల్లెలి ముఖము మొదటిసారి తేటపడినది.

ఆహారవిషయమున వాడు నన్నొక ధర్మసందేహ మడిగెను. పితృకార్యమునకు పోవువాడు ఏకభుక్తము, పరాన్నవర్జనము పాటింపవలెను కదా. దినమంతయు త్రొక్కువానికి అది సాధ్యమా? నేను చెప్పినది ఇది. నియమము శ్రాద్ధమునకు పూర్వదినమున మొదలగును. యాత్రాదినములలో దేహమును నిలుపుకొనుటయే నియమము. ఆకలి వేయకముందే తినవలెను, దప్పిక వేయకముందే త్రాగవలెను. అటుకులు, బెల్లము, పేలపిండి, ఖర్జూరములు, అరటిపండ్లు వెంట నుంచుకొనవలెను. రాత్రి ధర్మశాలలో శుచియైన అన్నమో రొట్టెయో కడుపునిండ తినవలెను. ఉపవసించి మార్గమధ్యమున సొమ్మసిల్లిన కర్త పితరులకు ఏమి తృప్తి నిచ్చును?

ఇక దినచర్య. అక్టోబరు 1న హృషీకేశము నుండి దేవప్రయాగ, సుమారు 70 కిలోమీటర్లు. 2న శ్రీనగరము మీదుగ రుద్రప్రయాగ, సుమారు అంతే. 3న కర్ణప్రయాగ మీదుగ నందప్రయాగ. 4న చమోలీ దాటి పీపల్‌కోటి. 5న జ్యోతిర్మఠము. 6న అచ్చటనే విశ్రాంతి, నృసింహస్వామి దర్శనము. శంకరభగవత్పాదుల ఉత్తరామ్నాయ పీఠమైన ఆ పట్టణమున 2023 జనవరిలో నేల క్రుంగి ఇండ్లు బీటలువారిన సంగతి పాఠకులెరుగుదురు; బస ముందుగనే విచారించి కుదుర్చుకొంటిమి. 7న పాండుకేశ్వరము మాత్రమే, సుమారు ఇరువది కిలోమీటర్లు. అచ్చట యోగధ్యాన బదరి ఆలయము కలదు. 8న బదరి. 9 ఖాళీ. 10 అమావాస్య.

జ్యోతిర్మఠము నుండి ఒక్క దినముననే బదరి చేరవచ్చునని వాని మిత్రులు చెప్పిరట. కాళ్ళు చేరవచ్చును, ప్రాణము చేరవలదా? సాధారణముగ 2,500 మీటర్లు దాటిన పిదప ఎత్తుజబ్బు సోకవచ్చును. బదరి యెత్తున శ్వాసకు అందు ప్రాణవాయువు సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండు వంతులను కొంచెము మించును. తలనొప్పి, వికారము, తలతిరుగుడు కలిగినచో పైకి పోరాదు. తగ్గక ముదిరినచో ఆలస్యము చేయక క్రిందికి దిగవలెను. ఇది సాహసము లోపించినవాని మాట కాదు, శరీరధర్మము.

ఇప్పుడు అమావాస్య చిక్కునకు వత్తును. కొండచరియ విరిగి రెండు దినములు దారి మూతబడవచ్చును. జ్వరము రావచ్చును. అప్పుడు "తిథి తప్పునేమో" యను ఆరాటముతో మా వాడు చేయరాని పని చేయును. మా చెల్లెలి భయము కొండ వలన కాదు, ఈ ఆరాటము వలన. అందుచే ప్రణాళికలో ప్రతి దినమునకు ప్రక్కన మరియొక గడి గీసి, "ఇచ్చట ఆగిపోయినచో" అని వ్రాసి, సమీప తీర్థము పేరు వ్రాసితిని. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, విష్ణుప్రయాగ: ఇవన్నియు గంగాసంబంధమైన సంగమములే. అమావాస్యనాడు వాడెచ్చట నున్న అచ్చటనే శ్రాద్ధము. ఇంటినుండియే కదలలేకపోయినచో కాళేశ్వరము. బ్రహ్మకపాలము చేరినచో విశేషము. చేరకున్న లోపము లేదు. సెలవుదినములు సైతము అందుకు తగినట్లు 14 వరకు తీసికొమ్మంటిని.

బ్రహ్మకపాలమున పిండము పెట్టిన పిదప ఇక ఆబ్దికము పెట్టనక్కరలేదని కొందరు నమ్ముదురు. మా పెద్దల ఆచారమున ప్రత్యాబ్దికము మానబడదు. ఇది వానికి స్పష్టముగ చెప్పితిని. ఒక్క యాత్రతో ఋణము తీర్చివేయు ఉద్దేశ్యమున్నచో తొందర మరింత పెరుగును. ఏటేట చేయవలసినదే యని తెలిసినవానికి ఒక్క దినముపై అంత పట్టుదల యుండదు.

ఈ గడులు నింపుచుండగనే 'యథాశక్తి' యను పదమునకు నాకు అర్థము స్థిరపడినది. సామాన్యముగ ఆ పదమును మనము లోపములకు ముందుగ చెప్పుకొను క్షమాపణగ పలుకుదుము. అది క్షమాపణ కాదు, కొలత. "నా శక్తి యింత, ఇచ్చటికి చాలును, ఇచ్చట ఆగుదును" అని కర్మారంభముననే, మనస్సు తేటగ నున్నప్పుడే నిర్ణయించుకొనుట. కఠోపనిషత్తు దేహమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును పగ్గముగను, బుద్ధిని సారథిగను చెప్పినది. సైకిలునందు ఇవన్నియు ఒక్కనియందే కూడుటచే, అలసినప్పుడు గుఱ్ఱమే సారథ్యము వహింప జూచును. గాలి చాలని చోట, చీకటి ముంచుకొచ్చు వేళ, బుద్ధి నిర్ణయము చేయజాలదు. అందుచే నిర్ణయము ఇంటి అరుగుమీదనే, ఆవృత్తి చేసిన బుద్ధితోనే జరుగవలెను. దారిలో చేయవలసినది పాటించుట మాత్రమే. ఆగవలసిన చోటు వ్రాయని ప్రణాళిక కోరిక మాత్రమే. అది వ్రాసిన పిదపనే సంకల్పమగును.

కాగితము పూర్తియైన దినమున మా చెల్లెలిని పిలిచి, మేనల్లునిచేత ప్రతి గడిని బిగ్గరగ చదివించితిని. "ఇచ్చట ఆగిపోయినచో" అను వరుస వచ్చినప్పుడు వాడు ప్రతిసారియు "ఆగుతాను" అని తల్లిముఖము చూచి చెప్పవలెనని నియమించితిని. తొమ్మిదిసార్లు చెప్పెను. ఆమె తరువాత నన్నేమియు అడుగలేదు. లోనికి పోయి, ఆయన వాడిన మడిపంచె తెచ్చి, "ఇది పట్టుకెళ్ళు" అని కొడుకు చేతికిచ్చినది. పన్నెండు కిలోల లెక్కలో దానిని చేర్చితిమి.

నేను వెంట పోజాలను. అమావాస్య మరునాడే శరన్నవరాత్రములు ఆరంభమగును. మా దేవాలయమున కలశస్థాపన నా చేతనే జరుగవలెను. బదరీనాథుని చూడవలెనని ఏబదియారేండ్ల ఈ దేహమునకును ఆశ లేకపోలేదు. ఐనను నా యథాశక్తి ఈ గర్భాలయపు గడప వరకే యని తెలియుట కూడ ఈ ప్రణాళిక ఇచ్చిన ఫలమే. పాఠకులలో ఎవరైనను ఇట్టి యాత్ర తలపెట్టినచో గేర్లు, గుడ్డలు తరువాత చూచుకొనవచ్చును. మొదట ఆ రెండవ గడిని గీసికొని, అందు వ్రాసినదానిని మీ కొరకు ఇంట వేచియుండు వారికి చదివి వినిపింపుడు.

శివార్పణమస్తు.